మీసాలు, తోక, నాలుగు కాళ్ళు

ఒక పెద్ద అడవిలో కావలసినంత చోటుంది. అయినా అక్కడి జంతువులన్నీ ఒకే గుట్టలో ఇరుక్కుని కాపురం ఉండేవి. విడిగా ఉంటే అడవి జంతువులంటారు, గుట్టలో ఉంటే నివాసులంటారు. తేడా అంతే.

ఆ గుట్ట పేరు పచ్చబండ. అడుగున బొరియలు, మధ్యలో గుహలు, పైన ఎండా గాలీ తగిలే చదును బండ. పైన ఉన్నవాళ్ళు కింద ఉన్నవాళ్ళని కిందివాళ్ళు అనేవారు. కింద ఉన్నవాళ్ళు పైవాళ్ళని పెద్దవాళ్ళు అనేవారు. అందరూ కలిసి దాన్ని నివాసుల సంఘం అనేవారు.

సంఘానికి అధ్యక్షుడు కలాపమూర్తి అనే నెమలి. ఆయన కూర్చుంటే సభ నిండుగా కనిపిస్తుందని ఎన్నుకున్నారు. కార్యదర్శి కన్నాల భద్రయ్య అనే పందికొక్కు. పనంతా ఆయనే నెత్తిన వేసుకునేవాడు, కనక ఆయన్ని ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. నిబంధనల సలహాదారు శుకవర్ధనం అనే చిలుక. ఏ నిబంధననైనా ఒక్కసారి వింటే పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. అర్థం ఏమిటని అడిగితే మళ్ళీ మొదటినుంచి అప్పజెప్పేవాడు. ఇక కాపలాకి తిరుపాలు అనే తొండ ఉండేవాడు. ఎవరేమన్నా తల ఊపడం అతని పని.

అడుగు వరసలో చివరి బొరియ కంటకమ్మది. ఆమె ముళ్ళపంది. మనిషి మెత్తన, మాట ఇంకా మెత్తన. కానీ ముళ్ళపందిని పలకరించేవాళ్ళు బారెడు దూరంలో నిలబడే పలకరిస్తారు. భర్త బతికున్న రోజుల్లో ఒకరి ముళ్ళ సంగతి ఒకరికి తెలుసు గనక ఇద్దరూ ఒదిగి పడుకునేవారు. ఆయన పోయాక ఆమె ఒంటిని తాకిన ప్రాణి లేదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. అనుకునేంత దగ్గరికి ఎవరు వచ్చారు గనక.

ఒక వానాకాలం వాగు పొంగి తీసింది. దుంపల కోసం ఒడ్డుకి వెళ్ళిన కంటకమ్మకి బురదలో ఒక అడవిపిల్లి కూన కనిపించింది. కళ్ళు ఇంకా సరిగా తెరవలేదు. తల్లి జాడ లేదు. కంటకమ్మ అటూ ఇటూ చూసింది, మెడ మీది తోలు పళ్ళతో పట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

మొదటిరోజు కూన ఆమె మీద పడబోయి కీచుమంది. రెండోరోజూ కీచుమంది. ఆ తరవాత కనిపెట్టింది, ముళ్ళన్నీ వెనక్కి వాలి ఉంటాయనీ, తలవైపు నుంచి తోకవైపు ఒరుసుకుంటూ వెళితే ఒక్కటీ గుచ్చుకోదనీ. ముళ్ళ వాలు చూసుకుని ఆమె పక్కన చేరి గుర్రుగుర్రుమంటూ నిద్రపోయింది. కంటకమ్మ మాత్రం కదలకుండా పడుకుంది. కదిలితే ముళ్ళు లేస్తాయేమోనని.

ఒంటిమీద నల్లచుక్కలు ఉన్నాయని దానికి మిరియం అని పేరు పెట్టుకుంది.

అప్పట్లో పచ్చబండలో పిల్లిని గురించి ఏ నిబంధనా లేదు. పక్క బొరియపైన తొర్రలో చారుమతి అనే ఉడుత ఉండేది. ఆమె మొదట భయపడింది. కూన తన పిల్లలతో కలిసి పెరిగి, వాళ్ళు తోక పట్టుకుని ఊగినా ఊరుకోవడం చూసి భయం మానేసింది. మిరియానికి పప్పుకాయలు రుచించవు గనక చారుమతి ఏమీ పెట్టేది కాదు, కానీ వచ్చి కాసేపు కూర్చునేది. బారెడు కంటే దగ్గరగానే కూర్చునేది.

అంతా గాదె దగ్గర చెడింది.

పచ్చబండలో ఒక ఉమ్మడి గాదె ఉండేది. వానలకి ముందు అందరూ తలా ఇంత ఇప్పపువ్వు, వెదురుబియ్యం, కాయా కసరూ తెచ్చి అందులో పోసేవారు. వానల్లో పంచుకుతినేవారు. దాని బాగోగులు భద్రయ్య చూసేవాడు. ఏటా గాదె తరిగేది. గింజ ఎండితే కుదించుకుపోతుందని భద్రయ్య ఏటా సభలో చెప్పేవాడు. సభ ఏటా ఒప్పుకునేది. గాదెలో గింజలు ఎండుతుంటే భద్రయ్య మాత్రం నిగనిగలాడేవాడు. ఆయన బావమరుదులూ, బావమరుదుల బావమరుదులూ, గాదె వెనక కన్నంలో ఎప్పుడు చూసినా రాకపోకలు సాగించే బంధువర్గమంతా అలాగే నిగనిగలాడేది.

మిరియం పెద్దదై ఆ కన్నం ముందు కూర్చోవడం అలవాటు చేసుకుంది. కన్నం కనిపిస్తే పిల్లి దాని ముందు కూర్చుంటుంది. అందులో రాజకీయం ఏమీ లేదు. ఒక సాయంత్రం భద్రయ్య పెద్ద బావమరిది తోక కొస అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళాడు.

మర్నాడు భద్రయ్య అత్యవసర సభ పిలిచాడు.

సభలో ఆయన గాదె మాట ఎత్తలేదు. తోక మాటా ఎత్తలేదు. నివాసుల ప్రశాంతత గురించి మాట్లాడాడు. పిల్లి అరుపువల్ల తనకి ధ్యానం కుదరడం లేదని అధ్యక్షుడు కలాపమూర్తి సమర్థించాడు. ఆయన రోజూ తెల్లవారకముందే గుట్ట దద్దరిల్లేలా కూసేవాడు, కానీ అది అధ్యక్షుల కూత. ఆ తరవాత భద్రయ్య గొంతు తగ్గించి, పిల్లల భద్రత అన్నాడు. చారుమతిగారి పిల్లల్నే తీసుకోమన్నాడు.

సరిగ్గా అప్పుడు చారుమతి పిల్లలు సభ వెనక మిరియం వీపెక్కి ఆడుతున్నారు. చారుమతి చూసింది కూడా. కానీ పిల్లల భద్రత అన్నాక తల్లి కాదంటే నలుగురూ ఏమనుకుంటారో అనిపించింది. తీర్మానానికి అందరూ తోకలెత్తినప్పుడు ఆమె కూడా ఎత్తింది.

ఇక నిబంధన కూర్చాలి. పిల్లి అని పేరుపెట్టి అనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. పిల్లి పులికి ఏదో వరసన మేనత్త అవుతుందని ఒక వాడుక ఉంది. పులి ఎప్పుడైనా అటు వచ్చి మా అత్తని ఏమన్నారని అడిగితే సమాధానం చెప్పాలి కదా. కనక పేరు లేకుండా ఆనవాళ్ళు మాత్రం చెబితే చాలునన్నాడు భద్రయ్య. ఆయన చెప్పగా శుకవర్ధనం వల్లించాడు.

“మీసాలు, తోక, నాలుగు కాళ్ళు కలిగి, చీకటి పడ్డాక సంచరిస్తూ, ఇతరులు పెట్టిన తిండి మీద బతుకుతూ, గోళ్ళతోగాని పళ్ళతోగాని ఉమ్మడి ఆస్తికి నష్టం చేయగల ఏ ప్రాణీ పచ్చబండలో ఉండరాదు. వచ్చే ఏటి వానల వరకు ఈ నిబంధన మార్చరాదు.”

చివరి వాక్యం భద్రయ్యకి తరవాత తోచింది. ఎవరైనా జాలిపడి సడలిస్తారేమోనని చేర్పించాడు.

పిల్లిని పంపెయ్యడానికి కంటకమ్మకి పున్నమి దాకా గడువిచ్చారు. అంతవరకు పిల్లి ఉమ్మడి దారిలో కాలు మోపకూడదు, యజమాని ఎత్తుకునే తీసుకెళ్ళాలి అన్నారు. ముళ్ళపంది వీపుమీద దేన్నీ ఎత్తుకోలేదు. ఎదిగిన పిల్లిని ఆమె మళ్ళీ కూనని పట్టినట్టు మెడ తోలు పట్టుకుని, దాని కాళ్ళు నేలకి తగలకుండా తల పైకెత్తి నడిచేది. నోట్లో పిల్లి ఉండటంవల్ల ఎదురొచ్చినవాళ్ళు పలకరిస్తే బదులు చెప్పలేకపోయేది. కంటకమ్మకి ఈమధ్య పొగరు పెరిగిందని నివాసులు చెప్పుకున్నారు.

పిల్లి నిజంగా బొరియలోనే ఉంటోందా, బయట తిరుగుతోందా చూసి రమ్మని భద్రయ్య తిరుపాలుని పంపేవాడు. లోపలే ఉందా అని అడిగితే తిరుపాలు తల ఊపేవాడు. బయట తిరుగుతోందా అంటే మళ్ళీ ఊపేవాడు. ఆ గుట్టలో కంటకమ్మకి కీడు చేయని ఉద్యోగి అతనొక్కడే.

ఆమె ఒకరోజు పైకెక్కి కలాపమూర్తిని కలుసుకుంది. ఆ ఎత్తు ఎక్కడం ఆమెకి అదే మొదటిసారి. అధ్యక్షుడు ఈకలు దువ్వుకుంటున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

“నాకు స్వయంగా ఏ అభ్యంతరమూ లేదమ్మా. నిబంధన అడ్డొస్తోంది” అన్నాడు.

“ఆ నిబంధన పెట్టింది మీరే కదండీ.”

“పెట్టినప్పుడు నేను అధ్యక్షుణ్ణి. ఇప్పుడు నీతో మాట్లాడేది నీ పొరుగువాడు.”

అధ్యక్షుడితో ఎప్పుడు మాట్లాడవచ్చని కంటకమ్మ అడిగింది. సభ ఉన్నప్పుడు మాట్లాడవచ్చనీ, వచ్చే సభ పున్నమి వెళ్ళాక ఉంటుందనీ ఆయన చెప్పాడు.

పున్నమినాడు భద్రయ్యే బొరియ దగ్గరికి వచ్చాడు. ఆయన మాట ఎప్పుడూ మర్యాదగానే ఉండేది. పిల్లిని వాగు అవతల వదిలేసి వచ్చేస్తే బొరియ ఎప్పటికీ ఆమెదేననీ, వానలు ముంచుకొస్తున్నాయనీ, ఈ వయసులో బయట బతకడం కష్టమనీ చెప్పాడు. అవన్నీ నిజాలే.

కంటకమ్మ మిరియాన్ని నోట కరుచుకుని వాగు దాటింది. మద్దిచెట్టు కింద దించింది. ఇక్కడే ఉండు అని వెనక్కి తిరిగింది. పిల్లి వెంటపడలేదు, అరవలేదు. కూర్చుని చూసింది. ముందుకాలు ఎత్తి నాకుకోవడం మొదలుపెట్టింది, మధ్యలో ఆపి, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి మళ్ళీ చూసింది.

నడివాగులో కంటకమ్మ ఆగింది. ముందు పచ్చబండ కనిపిస్తోంది. పొడి బొరియ, వానల తిండి, బారెడు దూరంనుంచి కుశలమడిగే నివాసులు. ఆమె కాసేపు ఆ నీళ్ళలో నిలబడి, మళ్ళీ వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది. మద్దిచెట్టు పక్కన పాడుబడిన పుట్ట ఒకటి ఉంది. చీకటి పడేలోగా దాన్నే తవ్వుకుంది. మర్నాడు వాగు ఒడ్డున తిరుపాలు కనిపిస్తే, పిల్లి ఉండకూడదన్నారు గనక బొరియ ఖాళీ చేశానని సంఘానికి చెప్పమంది. తిరుపాలు తల ఊపాడు.

పచ్చబండలో ప్రశాంతత నెలకొంది.

భద్రయ్య బంధువర్గం ఆ ప్రశాంతతని బాగా వాడుకుంది. కన్నం ముందు పిల్లి లేదని తెలిసి దూరపు చుట్టాలు కూడా దిగారు. ఇంతకాలం భద్రయ్య అందరికీ సరిపడేలా, అనుమానం రాకుండా దొంగతనం నడిపాడు. అది ఒక నేర్పు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ నేర్పు లేదు. మెల్లిగా తినండని ఆయన బతిమాలుకున్నాడు. నువ్వు తిన్నప్పుడు మేమేమైనా అన్నామా అన్నారు వాళ్ళు. వానలు సగమైనా కాకముందే గాదె అడుగు కనిపించింది.

గాదె అయిపోయాక ఆ చుట్టాల ఎలుకలన్నీ దొరికిందల్లా కొరికాయి. ఒక ఉదయం కలాపమూర్తి లేచి చూసుకుంటే ఆయన పింఛంలో ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు. ఆరోజు కూయలేదు. పచ్చబండలో అందరూ ఆలస్యంగా లేచారు.

ఎలుకలు ఎక్కడుంటే పాము అక్కడికొస్తుంది. ఒక త్రాచు వచ్చింది. నిబంధనల ప్రకారం ఉండవచ్చునా అని సలహాదారుని అడిగారు. శుకవర్ధనం నిబంధన వల్లించి చూశాడు. మీసాలు లేవు, కాళ్ళు లేవు. అభ్యంతరం కనిపించలేదు. కంటకమ్మ ఖాళీ చేసిన బొరియ త్రాచుకి కేటాయించారు.

నెమలికీ పాముకీ తరతరాల పగ గదా, అధ్యక్షులవారు పూనుకోవాలని కొందరు విన్నవించుకున్నారు. పింఛం లేకుండా బయటికి వస్తే పదవి గౌరవం దెబ్బతింటుందని కలాపమూర్తి బండ చాటునుంచే జవాబిచ్చాడు.

ఒకరోజు చారుమతి చిన్నకూతురు తొర్రలోంచి దిగుతుండగా త్రాచు తల ఎత్తింది. పిల్ల తప్పించుకుంది గాని తోక కుచ్చు సగం పోయింది. చారుమతి ఆ పిల్లని ఒళ్ళో పెట్టుకుని రోజంతా కూర్చుంది. పిల్లల భద్రత అని తాను తోక ఎత్తిన రోజు గుర్తొచ్చింది. సాయంత్రం వెళ్ళి సభ పెట్టమంది. ఆమె అడిగిన తీరు చూసి ఎవరూ కారణం అడగలేదు.

సభలో అందరూ పిల్లిని వెనక్కి పిలవాలన్నారు. వచ్చే ఏటి వానలదాకా నిబంధన మార్చరాదని శుకవర్ధనం గుర్తుచేశాడు. భద్రయ్య కూడా, తనకి బాధగానే ఉందిగాని చట్టం చట్టమేనన్నాడు.

చారుమతి లేచి, ఆ నిబంధన మరొక్కసారి చెప్పమని చిలుకని అడిగింది. చిలుక సంతోషంగా మొదలుపెట్టాడు. మీసాలు అన్నాడు. తోక అన్నాడు. నాలుగు కాళ్ళు అన్నాడు. చీకటి పడ్డాక సంచరిస్తూ అనేసరికి సభలో తలలు ఒక్కొక్కటిగా ఒకేవైపు తిరగడం మొదలైంది. గోళ్ళతోగాని పళ్ళతోగాని అనేసరికి అందరూ భద్రయ్యనే చూస్తున్నారు.

భద్రయ్య తొణకలేదు. సభ్యులు ఒక ముక్క సరిగా వినలేదన్నాడు.

“ఇతరులు పెట్టిన తిండి మీద బతికేవాళ్ళకే ఆ నిబంధన. నాకు ఈ గుట్టలో ఎవరూ ఒక్క గింజ పెట్టలేదు.”

“అయితే పెట్టకుండానే తిన్నారన్నమాట” అంది చారుమతి.

భద్రయ్య నోరు తెరిచాడు. పెట్టారంటే నిబంధన పట్టుకుంటుంది, పెట్టలేదంటే గాదె పట్టుకుంటుంది.  ఆరోగ్యం బాగాలేక కార్యదర్శి పదవికి రాజీనామా చేస్తున్నట్టు చెప్పాడు. సంఘం ఆయన సేవల్ని కొనియాడి, చీకటి పడేలోగా గుట్ట దిగమంది. ఆయన వాగు దాటి పోయాడు.

పందికొక్కు పోయింది గాని ఎలుకలు పోలేదు, పాము అసలే పోలేదు. చివరికి అందరూ కలిసి కంటకమ్మ దగ్గరికి బయలుదేరారు. చారుమతి పిల్లల్ని తీసుకుని ముందే వెళ్ళింది.

కంటకమ్మ పుట్ట ముందు దుంప ఒలుచుకుంటోంది. మిరియం ఎండలో పడుకుని ఉంది. చారుమతి వచ్చి పక్కన కూర్చుంది. పిల్లలు పిల్లి మీదికెక్కారు.

“ఆరోజు సభలో నేనూ తోకెత్తాను పిన్నిగారూ” అంది.

“చూశానమ్మా.”

“ఎందుకెత్తానో ఇప్పటికీ తెలీడం లేదు.”

“అందరూ ఎత్తినప్పుడు ఎత్తడం ఏం బరువు, దించి ఉంచడమే బరువుగాని” అని కంటకమ్మ సగం దుంప ఆమె చేతిలో పెట్టింది. చారుమతి తింది. ఇద్దరూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మిగతావాళ్ళు వచ్చారు. కలాపమూర్తి ఒక కొమ్మ చాటున నిలబడి, జరిగినవి మనసులో పెట్టుకోవద్దనీ, నిబంధన అలాగే ఉంచి పిల్లి మాత్రం వచ్చే ఉపాయం ఆలోచిస్తున్నామనీ చెప్పాడు. నన్నడిగి ఏం లాభం, వెళ్ళగొట్టింది దాన్ని కదా, దాన్నే అడగండి అంది కంటకమ్మ.

మిరియం ఒక కన్ను తెరిచింది.

“గుట్టలో ఎలుకలున్నాయా?”

బోలెడున్నాయని అందరూ ఆశగా చెప్పారు.

“ఇక్కడా ఉన్నాయి” అని ఆ కన్ను మూసుకుంది.

 మాట మార్చడానికి ఎవరో, ఇక్కడ ఎలా ఉందమ్మా అని కంటకమ్మని అడిగారు. ఆమె మర్యాద తెలిసిన మనిషి. బాగానే ఉందండీ, నీళ్ళు దగ్గర, మద్దినీడ చల్లగా ఉంటుంది, పాములు రావు, గోల లేదు అంది.

ఆ వారంలో మొదట చారుమతి పిల్లలతో వచ్చి మద్దితొర్రలో చేరింది, వెనకే కుందేళ్ళు వచ్చి పుట్ట పక్కన బొరియ తవ్వుకున్నాయి. తరవాత తాబేళ్ళు. తరవాత చిలుక మద్దికొమ్మ మీదికి మారాడు. చివరికి కలాపమూర్తి కూడా వచ్చాడు. పచ్చబండలో ఎలుకలూ, పామూ, నిబంధనా మిగిలాయి. తోచినప్పుడల్లా వచ్చి కన్నాల ముందు కూర్చునే మిరియం వల్ల మద్దిచెట్టు కింద అందరూ హాయిగా ఉన్నారు. కంటకమ్మని ఇప్పుడు బారెడు దూరంలో కాక జానెడు దూరంలో నిలబడి పలకరిస్తున్నారు. ఆమెకి అది ఇష్టంగానే ఉండేది.

ఇంతమంది చేరాక సంఘం లేకపోతే ఎలాగని ఒకరన్నారు. సభ పెట్టారు. కలాపమూర్తికి కొత్త ఈకలు మొలుస్తున్నాయి, ఆయన్నే అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. కార్యదర్శిగా ఎవరైనా అనుభవమున్నవాళ్ళు కావాలన్నారు. మద్దివేళ్ళ కింద భద్రయ్య వీళ్ళందరికంటే ముందునుంచే కాపురముంటున్నాడని తెలిసింది. ఆరోగ్యం కుదుటపడిందని కూడా ఆయన చెప్పాడు. వేరే అనుభవమున్నవాళ్ళు దొరకలేదు.

మొదటి తీర్మానం పిల్లల భద్రత గురించి. దారిలో ఎవరి ఒంటినుంచి రాలిన ముళ్ళో ఒక కుందేలు పిల్లకి గుచ్చుకున్నాయట. ఎవరి పేరూ అనకూడదు గనక శుకవర్ధనం ఆనవాళ్ళు మాత్రం చెప్పసాగాడు.

“ఒంటిమీద ముళ్ళు కలిగి, దుంపలు తవ్వుతూ...”

అందరూ తోకలెత్తారు. చారుమతి ఎత్తలేదు. తోక కిందికి అదిమిపట్టుకుని కూర్చుంది. 

కంటకమ్మ అటు చూసింది. పూర్తయ్యేదాకా ఆగకుండా లేచి పుట్ట దగ్గరికి వెళ్ళింది. మిరియం అప్పటికే లేచి ఒళ్ళు విరుచుకుంటోంది. ఇద్దరూ వాగు వెంట ఎగువకి నడిచారు. చారుమతి పరుగెత్తుకొచ్చి ఎటువెళ్తున్నారు పిన్నిగారూ అంటే కంటకమ్మ ఆమె చెవిలో చెప్పింది. ఆ సాయంత్రం చారుమతి తొర్ర కూడా ఖాళీ అయింది.

మర్నాడు ఎటువెళ్ళారని సంఘం తిరుపాలుని అడిగింది. ఎగువకా అంటే తల ఊపాడు. దిగువకా అంటే తల ఊపాడు.

నీతి: మంచిచోటు దొరికినప్పుడు, ఎలా ఉందని ఎవరైనా అడిగితే బాగాలేదని చెప్పాలి.